ఇరవై ఏళ్లలో 3,100 కిలోమీటర్లు

పాఠకుల ప్రశ్నలకు ఒక ఇంజిన్ మెకానిక్ జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను జర్మనీలో, స్టుట్‌గార్ట్‌కు దగ్గర్లో ఒక వర్క్‌షాపులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. పాత స్పోర్ట్స్ కార్లు మా దగ్గరికి వస్తుంటాయి. అలాంటి కార్లు సేకరించే ఒకాయన ఇప్పుడు 2005 నాటి పోర్షె కరేరా జీటీ కొనాలనుకుంటున్నారు. సిల్వర్ రంగు. ఇద్దరు ఓనర్లు మారారు. మీటర్ మీద 3,100 కిలోమీటర్లే ఉన్నాయి. అమ్మేవాళ్లు "ఇది కొత్త బండి కిందే లెక్క" అంటున్నారు. కొనేముందు చేసే పరీక్షలో మా సూపర్‌వైజర్ నన్నూ ఉండమన్నారు. అంత ఖరీదైన బండి మీద చెయ్యి వేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఇంత తక్కువ తిరిగిన దాంట్లో చూడటానికి ఏముంటుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక యువ మెకానిక్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ 3,100 అనే అంకెను పక్కన పెట్టు. బేరం ఆడేవాళ్లకు అది కావాలి. నీకు కావాల్సినవి సర్వీస్ బుక్, బిల్లులు, టైర్ల మీద ముద్రించిన తేదీలు. ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ బండి ఎలా పుట్టిందో తెలియాలి.

కరేరా జీటీలో ఉన్న వీ10 (V ఆకారంలో పది సిలిండర్లున్న) ఇంజిన్‌ను రోడ్డు కోసం మొదలుపెట్టలేదు. 1990ల మొదట్లో పోర్షె ఇంజనీర్లు ఫార్ములా వన్ కోసం గీసుకున్న వీ10 దానికి మూలం. అది పందెం దాకా రాలేదు. తర్వాత 2000 సంవత్సరపు లె మాన్ 24 గంటల పందెం కోసం వైసాక్‌లోని పోర్షె డిజైన్ కేంద్రంలో ఒక రేస్ కారు తయారైంది. దానికి అదే వంశం ఇంజిన్, 5.5 లీటర్లది. 1999లో ఆ ప్రాజెక్టునూ ఆపేశారు. రెండుసార్లు పందెం చేజారిన ఆ ఇంజిన్ చుట్టూ ఒక కారు కట్టి 2000 సెప్టెంబర్‌లో పారిస్‌లో చూపించారు. అమ్మకానికి వచ్చేసరికి 5.7 లీటర్లు, 612 హార్స్‌పవర్, 8,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిరిగే ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్ గేర్ బాక్స్. లైప్‌జిగ్ ఫ్యాక్టరీలో 2006 వరకు 1,270 కార్లు కట్టారు. మొదట అనుకున్నవి 1,500.

నేను పన్నెండేళ్లు ఒక రేసింగ్ టీమ్‌లో పనిచేశాను. అక్కడ ఏ భాగానికీ ఆయుష్షును కిలోమీటర్లలో రాయరు. గంటల్లో రాస్తారు, తేదీల్లో రాస్తారు. మా చీఫ్ మెకానిక్ దగ్గర ఒక లావుపాటి నోట్‌బుక్ ఉండేది. ఏ జాయింట్ ఎప్పుడు బిగించాం, ఎప్పుడు తీసి చూశాం, ఎవరు చూశారు అన్నీ అందులో ఉండేవి. పందెం అవగానే బండి విప్పేవాళ్లం. రేసింగ్ భాగాలు అంత తేలిగ్గా, అంత సన్నగా ఉండటానికి కారణం అదే. వచ్చే వారం ఒకడు దీన్ని విప్పి చూస్తాడులే అన్న నమ్మకం మీద వాటిని గీస్తారు. అలాంటి ఆలోచనతో పుట్టిన భాగాలను రోడ్డు కారుకు బిగించి, తాళం వేసి, ఇరవై ఏళ్లు ఎవరూ విప్పకపోతే ఏమవుతుందో మీటర్ చెప్పదు.

దీనికి ఈ కారులోనే పెద్ద ఉదాహరణ ఉంది. మామూలు కార్లలో సస్పెన్షన్ ఆర్మ్ చివర రబ్బరు బుష్ ఉంటుంది. గుంతలో పడితే దెబ్బను అది కొంత మింగేస్తుంది, దాంతోపాటు రోడ్డు కబురునూ మింగేస్తుంది. కరేరా జీటీలో రేస్ కారులాగా లోహపు బాల్ జాయింట్లు పెట్టారు. అందుకే స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు మీది గరుకు అరచేతికి తెలుస్తుంది. 2023లో ఈ జాయింట్ల విషయంలోనే పోర్షె కంపెనీ కరేరా జీటీ ఓనర్లందరికీ ఆ కారు నడపొద్దని చెప్పాల్సి వచ్చింది. ఉప్పు తాలూకు క్లోరైడ్ తగిలి, మీద బరువు కూడా ఉంటే, ఆ లోహం లోపల తుప్పుతో పగుళ్లు వచ్చే ప్రమాదం బయటపడింది. అమెరికాలోనే 489 కార్లను రీకాల్ చేశారు, అంటే రిపేరుకు వెనక్కి పిలిచారు. తక్కువ తిరిగిన బండి అని ఏ ఒక్కదానికీ మినహాయింపు ఇవ్వలేదు, గమనించు. కాబట్టి నువ్వు మొట్టమొదట అడగాల్సిన కాగితం ఇదే: సస్పెన్షన్ ఆర్మ్‌లు మార్చారా, ఏ తేదీన, ఛాసిస్ నంబర్‌తో సహా బిల్లు ఉందా? అది లేకపోతే ఆ బండిని ట్రక్కు మీదే తీసుకురావాలి, ట్రక్కు మీదే తీసుకెళ్లాలి. టెస్ట్ డ్రైవ్ మాట ఎవరెత్తినా ఒప్పుకోవద్దు.

రెండోది టైర్లు. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2304 అని ఉంటే 2004లో 23వ వారం తయారైందని అర్థం. గాడులు నిండుగా ఉంటాయి, నలుపు నిగనిగలాడుతుంది, చూస్తే షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. గోరు గుచ్చి చూడు, దిగదు. రబ్బరును మెత్తగా ఉంచే నూనెలు ఏళ్ల తరబడి ఆవిరైపోతాయి, గాలిలో ఆక్సిజన్, ఓజోన్ దాన్ని గట్టిపరుస్తాయి. గట్టిపడిన టైరు రోడ్డును పట్టుకోదు. ఈ కారులో స్టెబిలిటీ కంట్రోల్ లేదు. వెనక చక్రం జారితే సర్దుకోవాల్సింది నడిపేవాడి చేతులే. 2013 నవంబర్‌లో కాలిఫోర్నియాలో ఇద్దరి ప్రాణాలు తీసిన కరేరా జీటీ ప్రమాదం నీకు తెలిసే ఉంటుంది. వేగమే కారణమని దర్యాప్తులో తేలింది, టైర్లు తొమ్మిదేళ్ల నాటివన్నది కూడా బయటకొచ్చింది. ఆ బండి కూడా పెద్దగా తిరిగింది కాదు.

ఇదే మోడల్ కారుకు కొత్త టైర్లు ఏం చేస్తాయో కూడా చెప్తాను. నూర్బుర్గ్‌రింగ్ ట్రాక్ మీద కారు కొత్తగా వచ్చిన రోజుల్లో పోర్షె టెస్ట్ డ్రైవర్ వాల్టర్ రోర్ల్ 7 నిమిషాల 28 సెకన్లలో చుట్టొచ్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో, మిషెలిన్ ఈ కారు కోసమే కొత్తగా చేసిన టైర్లు వేసి రేసింగ్ డ్రైవర్ యోర్గ్ బెర్గ్‌మైస్టర్ 7 నిమిషాల 12 సెకన్లలో తిరిగాడు. ఇంజిన్‌ను ముట్టుకోలేదు. పదహారు సెకన్లు రబ్బరులోంచి వచ్చాయి. ఈ వార్త చదివిన రోజు నేను చాలా సంతోషపడ్డాను, ఎందుకంటే పాత కార్ల ఓనర్లతో టైర్ల గురించి వాదించి వాదించి అలసిపోయినవాణ్ణి.

మూడోది, నా జీవితంలో నేను చేసిన తప్పు. చాలా ఏళ్ల కిందట 900 కిలోమీటర్లే తిరిగిన ఒక కారు నా దగ్గరికి వచ్చింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఆ అంకె చూసి మురిసిపోయి, పెట్రోల్ పైపులు వంచి చూడకుండానే తాళం తిప్పాను. పంప్ ప్రెషర్ ఎక్కగానే ఇంజిన్ వెనక ఒక రబ్బరు పైపు క్లిప్ దగ్గర చిట్లింది. పెట్రోల్ సన్నటి తుంపరలా సైలెన్సర్ వైపు కొట్టింది. సైలెన్సర్ ఇంకా వేడెక్కలేదు కాబట్టి ఆ బండీ మిగిలింది, నేనూ మిగిలాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైపును కోసి చూస్తే లోపలి గోడ ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి ఉంది. బయటి నుంచి చూస్తే మాత్రం కొత్తది. అప్పటి నుంచి పదేళ్లు దాటిన ఏ బండినైనా పైపులు, సీళ్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ చూశాకే స్టార్ట్ చేస్తున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకో. ఎవరైనా తొందరపెడితే సూపర్‌వైజర్‌కు నా మాటగా చెప్పు.

ఇక క్లచ్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఈ బండిలో నాకు బాగా ఇష్టమైన వస్తువు అదే. రెండు ప్లేట్లు, కార్బన్ సెరామిక్‌వి, వెడల్పు 169 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. ఇంత చిన్నది ఎందుకంటే, క్లచ్ చిన్నదైతే ఇంజిన్‌ను, గేర్ బాక్స్‌ను కింద నేలకు దగ్గరగా పెట్టొచ్చు. బరువంతా కిందికి దిగుతుంది, మలుపులో బండి ఒరగదు. ఇదీ రేసింగ్ ఆలోచనే. కానీ తిరిగే బరువు తక్కువ కావడంతో కాలు తీయగానే ఇంజిన్ వేగం టక్కున పడిపోతుంది. మామూలు కారులాగా యాక్సిలరేటర్ తొక్కుతూ క్లచ్‌ను సగం పట్టి ఉంచితే ప్లేట్లు కాలిపోతాయి. బండి కదిలించేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు అసలు ఉండకూడదు. క్లచ్ ఒక్కటే నెమ్మదిగా వదలాలి. ఇంజిన్ ఆగిపోకుండా దాని కంప్యూటర్ చూసుకుంటుంది. బండి కదిలాకే కుడి కాలికి పని.

తక్కువ తిరిగిన కార్లలో క్లచ్ ఎందుకు చూడమంటున్నానంటే, 3,100 కిలోమీటర్లలో ఎక్కువ భాగం గ్యారేజ్ నుంచి బయటికి, ట్రక్కు మీదికి, షోలో పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి తిరిగినవే కావచ్చు. ప్రతిసారీ కొత్త మనిషి, ఈ క్లచ్ అలవాటు లేని మనిషి నడిపి ఉండొచ్చు. హైవే మీద 30,000 కిలోమీటర్లు తిరిగిన బండి క్లచ్ దీనికంటే ఆరోగ్యంగా ఉండటం ఆశ్చర్యం కాదు. అరుగుదల కొలిపించు. ఇంజిన్ కంప్యూటర్ నుంచి అది నడిచిన గంటల లెక్క తీయించు. 3,100 కిలోమీటర్లను సగటున గంటకు 50 చొప్పున వేసుకున్నా 62 గంటలు వస్తాయి. అక్కడ 200 గంటలు కనిపిస్తే మిగతా సమయమంతా బండి నిలబడి ఇంజిన్ తిరిగిందన్నమాట, లేదా మీటర్ కథ వేరే ఉందన్నమాట. రెండింటిలో ఏదైనా తెలియాల్సిందే.

లిఫ్ట్ మీద ఎక్కించినప్పుడు కింది కార్బన్ ఫ్లోర్ అంతా లైటు వేసి చూడు. బండి చాలా కిందికి ఉంటుంది, ట్రక్కు ర్యాంపులకే గీసుకుంటుంది. గీతలు ఫర్వాలేదు. పగులు, పొర విడిపోవడం ఉంటే కార్బన్ పని బాగా తెలిసిన మనిషిని పిలవాలి. ఇనుప ఛాసిస్‌ను సాగదీసి సరిచేసినట్టు దీన్ని సరిచేయలేం. చక్రాలు మెగ్నీషియంవి, పెయింట్ కింద ఎక్కడైనా బుడగలు లేచాయేమో వేళ్లతో తడిమి చూడు. మధ్యలో ఒకే పెద్ద నట్ ఉంటుంది, ఎడమ వైపువి ఎరుపు, కుడి వైపువి నీలం. వాటిని తారుమారు చేయకూడదు. సెరామిక్ బ్రేక్ డిస్కులు అరిగాయా లేదా అన్నది మందం చూస్తే తెలియదు, విప్పి తూకం వేయాలి. బండితో ఇచ్చిన లగేజ్ బ్యాగుల సెట్, పుస్తకాలు, పనిముట్లు ఉన్నాయా అన్నది కొనేవాళ్లు ఎలాగూ అడుగుతారు, ఆ లిస్టు వాళ్లకే వదిలెయ్.

నన్నడిగితే, అన్ని బిల్లులూ ఉన్న 30,000 కిలోమీటర్ల బండిని, ఏ కాగితమూ లేని 3,100 బండిని పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను. మార్కెట్ రెండోదానికే ఎక్కువ ఇస్తుందని నాకు తెలుసు. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో 4,40,000 డాలర్లున్న కారు ఇప్పుడు పది లక్షల డాలర్లు దాటి అమ్ముడవుతోంది, ఆ తేడాలో మీటర్‌కు పెద్ద వాటా ఉంది. కొనేవాయన డబ్బు, ఆయన ఇష్టం. కానీ ఆ అంకె కోసం ఎక్కువ ఇస్తున్నప్పుడు, ఇరవై ఏళ్ల పాత పైపులు, సీళ్లు, టైర్లు అన్నీ మార్చే ఖర్చు కూడా ఆయన ముందు పెట్టాల్సింది నువ్వే. చూసినవన్నీ తేదీ వేసి ఒక నోట్‌బుక్‌లో రాయి. బండి కొన్నా కొనకపోయినా ఆ పుస్తకం దాచుకో.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కరేరా జీటీని అందరూ "అనలాగ్ సూపర్‌కార్" అంటారు, అంటే ఎలక్ట్రానిక్స్ సాయం లేని కారని. కానీ దానికి ఏబీఎస్ ఉంది, చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, యాక్సిలరేటర్‌ నుంచి ఇంజిన్‌కు వెళ్లేది కూడా కేబుల్ కాదు, కరెంటు సంకేతం. అలాంటప్పుడు అనలాగ్ అనడం తప్పు కాదా?
- ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చాలా బాగుంది. పదాన్ని పదంలా తీసుకుంటే మీరన్నదే నిజం. క్లచ్ గురించి పైన రాసిన జవాబులో ఇంజిన్ ఆగకుండా కంప్యూటర్ చూసుకుంటుందన్నాను, అదీ ఎలక్ట్రానిక్సే.

కచ్చితంగా అనలాగ్ కావాలంటే ఇంకొంచెం వెనక్కి, ఇటలీకి వెళ్లాలి. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40కి పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, తలుపు లోపల హ్యాండిల్‌కు బదులు ఒక తాడు ఉంటుంది. 1995లో వచ్చిన ఎఫ్50కి కూడా పవర్ స్టీరింగ్, ఏబీఎస్ లేవు. దాని 4.7 లీటర్ల వీ12 ఇంజిన్‌కు మూలం 1990 నాటి ఫెరారీ ఫార్ములా వన్ కారులోని 3.5 లీటర్ల ఇంజిన్. దాన్ని రబ్బరు బుష్‌లు లేకుండా నేరుగా కార్బన్ టబ్‌కే, అంటే మనుషులు కూర్చునే కార్బన్ గుల్లకే, బిగించారు. వెనక సస్పెన్షన్ బరువు కూడా ఇంజిన్, గేర్ బాక్సే మోస్తాయి. 349 కట్టారు. అందులో కూర్చుంటే ఇంజిన్ అదురు వీపుకు తగులుతుంది.

అయినా కరేరా జీటీని ఆ వరసలో కలపడానికి కారణం ఉంది. నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. గేర్ మార్చేటప్పుడు ఇంజిన్ వేగాన్ని చక్రాల వేగానికి కలిపేది ఎవరు? కరేరా జీటీలో అది నడిపేవాళ్ల కాలు. నాలుగులోంచి మూడుకు దిగేటప్పుడు కుడి కాలి ముందు భాగంతో బ్రేక్ తొక్కుతూ, అదే కాలి అంచుతో యాక్సిలరేటర్ తట్టాలి. సరిగ్గా తడితే గేర్ వెన్నలా దిగుతుంది. తప్పితే వెనక చక్రాలు ఒక్కసారి పట్టేస్తాయి. రెండో ప్రశ్న: వెనక భాగం జారడం మొదలైతే సరిచేసేది ఎవరు? అక్కడా మనిషే.

లెక్సస్ ఎల్ఎఫ్ఏ తీసుకోండి. దానిదీ గొప్ప వీ10 ఇంజినే, 500 మాత్రమే కట్టారు. కానీ క్లచ్ పెడల్ లేదు, గేర్లు స్టీరింగ్ వెనక మీటల నుంచి మారతాయి. మొదటి ప్రశ్న దగ్గరే అది ఆగిపోతుంది. పోర్షెనే తర్వాత చేసిన 918 స్పైడర్‌లో వీ8 ఇంజిన్‌తో పాటు రెండు ఎలక్ట్రిక్ మోటార్లున్నాయి. ఏ క్షణంలో ఏ చక్రానికి ఎంత బలం పంపాలో కంప్యూటర్లు నిర్ణయిస్తాయి. అది కరేరా జీటీ కంటే చాలా వేగమైన కారు, ఇంజనీరింగ్‌గా నేను దండం పెట్టే కారు. కానీ అందులో తప్పు చేస్తే కారు కప్పిపుచ్చుతుంది. కరేరా జీటీలో తప్పు చేస్తే అక్కడికక్కడే తెలుస్తుంది, సరిగ్గా చేసినా అక్కడికక్కడే తెలుస్తుంది. అనలాగ్ అనే మాటను జనం ఈ అర్థంలో వాడుతున్నారు. మీ ప్రొఫెసర్ ఒప్పుకోకపోతే ఆయన పక్షాన కూడా న్యాయం ఉంది.

ప్రశ్న: ఒక పెద్దాయన దగ్గర నాలుగు పాత సూపర్‌కార్లున్నాయి. ఆయన ఎక్కువగా విదేశాల్లో ఉంటారు, కార్ల బాధ్యత నాది. మీటర్ పెరగకూడదని ఆయన గట్టిగా చెప్పారు. అందుకే ప్రతి ఆదివారం షెడ్‌లోనే ఒక్కోదాన్ని పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాను. ఇది చాలా?
- ఒక కేర్‌టేకర్

జవాబు: ఈ వారం నుంచే మానేయండి. మీరు శ్రద్ధతో చేస్తున్నారు, కానీ ఇంజిన్‌కు హాని జరుగుతోంది.

ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే అది ఆవిరిగా బయటికి పోతుంది. పది నిమిషాల్లో ఆపేస్తే కొంత సైలెన్సర్‌లో, కొంత ఇంజిన్ ఆయిల్‌లో మిగిలిపోతుంది. పైగా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, అందులో మండనిది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తూ కిందికి దిగుతుంది. ఇలా యాభై ఆదివారాలు గడిచాక ఆయిల్ ఫిల్లర్ మూత తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన మీకే తెలుస్తుంది. మూత లోపల మజ్జిగ మీది నురగలాంటి తెల్లటి జిగురు ఉంటే అది నీరు.

నెలకోసారి అరగంట నుంచి నలభై నిమిషాలు రోడ్డు మీద నడపడం ఒకటే సరైన దారి. కూలెంట్ నీటి వేడి చూపే మీటర్‌ను నమ్మకండి, ఆయిల్ వేడెక్కాలి, దానికి నీటికంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. ఆయిల్ వేడెక్కే దాకా ఆర్‌పీఎం పెంచొద్దు. చలి దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లే రోజుల్లో మాత్రం బండి బయటికి తీయకండి. నడపడం ఆయనకు ససేమిరా ఇష్టం లేకపోతే అసలు స్టార్ట్ చేయకుండా నిద్రపుచ్చండి: కొత్త ఆయిల్ పోసి, బ్యాటరీకి ఛార్జ్ పడిపోకుండా చూసే మెయింటైనర్ తగిలించి, టైర్లలో గాలి కొంచెం ఎక్కువ కొట్టి, బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చుతూ. ఎఫ్40 లాంటిది ఉంటే ఇంకో మాట. వాటి పెట్రోల్ ట్యాంకులు రేసింగ్ పద్ధతిలో రబ్బరు సంచులు. బండి ఒక్క అడుగు కదలకపోయినా వాటిని పదేళ్లకోసారి మార్చాల్సిందే. ఆ బిల్లు ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.

ఆయనకు ఎలా చెప్పాలా అని మీకు ఇబ్బందిగా ఉంటుంది, నాకు తెలుసు. ఈ పేజీ చూపించండి. నెలకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 360. ఆ 360 వల్ల తగ్గే ధర కంటే ఇంజిన్ విప్పితే అయ్యే ఖర్చు చాలా పెద్దది.

ప్రశ్న: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైర్లు తీసేస్తే కారు "ఒరిజినల్" కాకుండా పోతుందని మా బాబాయి అంటారు. నిజమేనా?

జవాబు: పాత టైర్లను పారేయమని ఎవరన్నారు? తీసి, తుడిచి, తేదీ రాసి, చీకటిగా, చల్లగా ఉండే చోట భద్రంగా పెట్టమనండి. కారుతో పాటే అమ్మొచ్చు, చూపించుకోవచ్చు. వాటి మీద నడపడం మాత్రం వద్దు. బాబాయిగారికి నా నమస్కారాలు.

ప్రశ్న: నేను సంగీతం టీచర్‌ను. కార్ల గురించి ఏమీ తెలియదు. మా అబ్బాయి కరేరా జీటీ వీడియో పెడితే వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయాను. అది మోత కాదు, స్వరంలా ఉంది. నా చెవి నన్ను మోసం చేస్తోందా?

జవాబు: లేదమ్మా, మీ చెవి సరిగ్గానే ఉంది. పది సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే అందులో ఐదు సిలిండర్లలో పెట్రోల్ పేలుతుంది. నిమిషానికి 8,400 చుట్లంటే సెకనుకు 140. దాన్ని ఐదుతో గుణిస్తే సెకనుకు 700. సెకనుకు 700 కంపనాలంటే మీరు ఒకటి శ్రుతిలో పాడితే తారస్థాయి శుద్ధ మధ్యమం. హార్మోనియం మీద నొక్కి, ఆ వీడియోలో ఇంజిన్ గరిష్ఠానికి చేరిన చోట ఆపి పోల్చి చూడండి. సగం వేగంలో, అంటే 4,200 దగ్గర, అదే మధ్యమం ఒక స్థాయి కిందికి వస్తుంది. మధ్యలో ఉన్నదంతా గమకమే. దాని మీద రకరకాల అనుస్వరాలు, పైపుల్లోంచి గాలి పోయే శబ్దం, గేర్ల కూత కలుస్తాయి, కానీ ఆధార స్వరం అదే.

అంత త్వరగా పైకి పోయి అంత త్వరగా కిందికి దిగడానికి కారణం లోపల తిరిగే బరువు తక్కువ కావడం. పిస్టన్లను పట్టుకునే కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి, క్లచ్ నేను చెప్పిన ఆ జానెడు లోపలిది. బరువైన ఫ్లైవీల్ ఉన్న ఇంజిన్‌లో స్వరం ఒకదాని నుంచి ఇంకోదానికి ఈడ్చుకుంటూ వెళ్తుంది. ఇక్కడ అలా ఉండదు.

నేను ఈ కారును ఒకే ఒక్కసారి నడిపాను, నలభై నిమిషాలు, సర్వీస్ అయ్యాక పరీక్ష కోసం. గేర్ రాడ్ మీద చెక్క గుండు ఉంటుంది, పోర్షె పాత 917 రేస్ కారులో బాల్సా చెక్క గుండు ఉండేది కాబట్టి దాని గుర్తుగా పెట్టారు. ఆయిల్ వేడెక్కే దాకా ఓపికగా 3,000 దాటనివ్వకుండా నడిపాను. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో ఒక్కసారి పూర్తిగా తొక్కాను. 5,000 దాటాక గొంతు మారింది. 8,000 దగ్గర నా వెనక ఎవరో గొంతెత్తి పాడుతున్నట్టే ఉంది. గేర్ మార్చాను. తిరిగొచ్చాక ఇంజిన్ ఆపేసి, సైలెన్సర్ చల్లబడుతూ టిక్కు టిక్కుమనే చప్పుడు వింటూ కాసేపు అక్కడే కూర్చున్నాను. నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ, 38 కిలోమీటర్లు అని రాసుంది.